వెన్ను నీటిలో సగం వాటా అడిగిన మా పెదబాపు: ఉన్ నుంచి అఠ్వా దాకా

మా ఇంట్లో అనుమానాలకు ఏనాడూ కొదవ లేదు గానీ, ఒక అనుమానాన్ని పరీక్ష చేయించడానికి ప్రయాణం కట్టింది మాత్రం ఇదే మొదటిసారి. మా నాన్నకు అన్న, నాకు పెదబాపు, సిరిసిల్ల నుంచి వచ్చి సూరత్ పవర్‌లూమ్‌ల మీద నలభై ఏళ్ళు నేసిన మనిషి. ఆర్నెల్లుగా తెగిన దారాన్ని చేతిలో పట్టుకుని, ఏం చేయాలో తోచక నిలబడిపోతున్నాడు. మతిమరుపు జబ్బే అయితే వెనక్కి తిప్పలేమనీ, మెదడులో వాపు వల్ల అయితే మందులకు లొంగవచ్చనీ, తేల్చాలంటే వెన్నులోంచి కాస్త నీరు తీసి చూడాలనీ డాక్టరమ్మ చెప్పింది. ఇంటిల్లిపాదీ వాపు ఉండాలని మొక్కుకున్నాం. సొంత మనిషికి వాపు రావాలని ఇంత భక్తిగా కోరుకున్న కుటుంబం సూరత్‌లో మరొకటి ఉండదు.

కరోనా రెండో వేవ్ తగ్గుముఖం పట్టిన రోజులు. ఉదయం ఏడున్నరకు సూరత్ శివార్లలో మేముండే ఉన్‌లో బయలుదేరాం. బస్సులో సీటు విడిచి సీటు కూర్చోవాలన్న సంగతి జనానికి ఎవరూ చెప్పినట్టు లేదు, అందుకే ఆటో ఎక్కాం. ఉధనా మీదుగా రింగ్ రోడ్ ఎక్కి, షట్టర్లు ఇంకా తెరవని బట్టల మార్కెట్లు దాటి, మజూరా గేట్ మీదుగా అఠ్వాలోని ఆసుపత్రి దాకా రెండు వందల యాభై రూపాయలు, దాదాపు గంట. డ్రైవర్ కరీంనగర్ మనిషే. నాకు అతను చెప్పిన రేటు మీద అనుమానం, అతనికి పెదబాపు దగ్గు మీద అనుమానం, పెదబాపుకు మా ఇద్దరి మీదా అనుమానం.

"ఏంది కాకా, కరోనా గిట్ల ఉన్నదా?" డ్రైవర్ అద్దంలోంచి అడిగాడు.

"లేదు బిడ్డా. వీడు నా ఈపుల నీళ్ళు తీపియ్య తోల్కపోతున్నడు," అన్నాడు పెదబాపు.

"ఈపుల నీళ్ళా? తీసి ఏం జేస్తరు?"

"గదే నేనూ అడుగుతున్న. కాలేజీల జదివిండు, చెప్పడు."

కిడ్నీలు అమ్మేవాణ్ణి చూసినట్టు చూశాడు డ్రైవర్. నేను మాస్కు కాస్త పైకి లాక్కున్నాను. దాంతో అతని అనుమానం పూర్తిగా బలపడింది.

ఆసుపత్రి గేటు దగ్గర కరోనా లేదన్న కాగితం చూసి, నుదుటికి జ్వరం తుపాకీ పెట్టి లోపలికి పంపారు. సంతకం పెట్టాల్సిన ఫారంలో చివరి వాక్యం దగ్గర నా బీఎస్సీ బుర్ర ఆగింది. మిగిలిన నీటిని, రకరకాల మతిమరుపు జబ్బుల్లో వాపు గుర్తులను పోల్చే పరిశోధనకు వాడుకోవచ్చట. అంటే పరీక్ష పెదబాపు కోసమా, డాక్టరమ్మ కోసమా? ప్లాస్టిక్ తెర వెనక కళ్ళు మాత్రమే కనబడుతున్న ఆ డాక్టరమ్మ హిందీలో ఓపిగ్గా చెప్పింది. అల్జీమర్స్‌లో, రక్తనాళాలు దెబ్బతిని వచ్చే మతిమరుపులో, మెదడు ముందుభాగం క్షీణించే రకంలో ఆ గుర్తులు ఎలా మారతాయో చూస్తున్నారట. ఒక్కరి నీటితో ఏమీ తేలదు, ఒక జబ్బు లెక్క ఇంకో జబ్బుతో కలిసిపోతుంది, అందుకే చాలామందివి పక్కపక్కన పెట్టి చూడాలి. ఇష్టం లేకపోతే కొట్టేయండి, మీ పరీక్ష ఆగదు, పరిశోధన వల్ల ఈయనకు ఇప్పుడు ఒరిగేదీ లేదు అని కూడా ఆమే చెప్పింది. అంత నిజాయితీ చూసేసరికి నా అనుమానం రెట్టింపయింది.

పెదబాపు లెక్క వేరు. మా వాళ్ళు వ్యాపారికి నమూనా గుడ్డ ఇచ్చేటప్పుడు దాన్ని చింపి సగం తమ దగ్గరే ఉంచుకుంటారు. రేపు సరుకు మారిందని గొడవొస్తే రెండు ముక్కలూ కలిపి చూస్తారు. పెదబాపు పెన్ను కింద పెట్టి, "ఆధా మేరే పాస్ రహేగా," అన్నాడు. సగం నా దగ్గరే ఉంటుందని.

డాక్టరమ్మ నవ్వలేదు. ఆ నీటిని మైనస్ ఎనభై డిగ్రీల్లో ఉంచాలంది.

"మన ఫ్రిజ్ల పెడ్తమని చెప్పురా. పెరుగు పక్కన జాగ ఉన్నది."

"మన ఫ్రిజ్ల మంచినీళ్ళే సల్లగైతలేవు పెదబాపూ."

చివరికి ఆమె ఫారం నకలు మీద ట్యూబ్ నంబరు రాసి, సంతకం చేసి ఆయన చేతికిచ్చింది. పెదబాపు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని నావైపు తిరిగాడు.

"మందివి గూడ పక్కన వెట్టి చూస్తరన్నది గదా?"

"అవును."

"అట్లయితే తీస్కోమను. ఒక్క తాను జూసి మగ్గంల తప్పేందో ఎవ్వడు చెప్తడు?"

నేను రెండుసార్లు చదివి అర్థం చేసుకున్నది ఆయన ఒక్క మాటలో తేల్చి సంతకం పెట్టాడు. నీరు తీయడానికి అరగంట, తర్వాత వెల్లకిలా పడుకోబెట్టడానికి రెండు గంటలు. మధ్యాహ్నానికి ఇల్లు చేరాం.

నాలుగో రోజు రిపోర్టుకు నేనొక్కణ్ణే వెళ్ళాను. కణాలు మామూలు, ప్రోటీన్ మామూలు, వాపు ఆనవాళ్ళు లేవు. పేరు సరిచూడమని మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ సరిచూసింది డాక్టరమ్మ. ఇక మెల్లగా పెరిగే మతిమరుపే అనుకోవాలి, ఏ రకమో ఇంకా చూడాలి అంది.

పెదబాపు గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. "ఏమొచ్చిందిరా?"

"అంత సాఫ్ ఉన్నది పెదబాపూ."

"సాఫ్ ఉంటే మొహం గట్ల వెట్టినవేంది?"

"ఎండల తిరిగొచ్చిన."

ఆయన "అబద్ధం," అన్నాడు.

రేటు చెప్పిన డ్రైవర్ అంతకే తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ తనకు లాభమైనదీ, మాకు లాభం లేనిదీ కూడా దాచకుండా చెప్పింది. ఈ ప్రయాణంలో అబద్ధమాడింది నేనొక్కణ్ణే, అదీ మెదడు పోతోందని మేమంతా జాలిపడుతున్న మనిషికి వెంటనే దొరికిపోయాను. ఆ సాయంత్రం ఆయన పక్కన కూర్చుని రిపోర్టు మొత్తం చదివి వినిపించాను. ఇదే దారిలో వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: రిపోర్టు తెచ్చుకునే రోజు కూడా ఆటోలో ఇద్దరికి చోటుంటుంది, జబ్బు ఎవరిదో వాళ్ళనూ వెంట తీసుకెళ్ళండి.