మణెమ్మ గురి

గిద్దలూరు స్టేషను దాటిన తర్వాత నల్లమల ఘాటు వైపు పోయే రైలుకట్ట మీద యాకోబు గ్యాంగు మేస్త్రీ. అతని భార్య మణెమ్మ రైల్వే ఇన్‌స్పెక్టరు దొర బంగళాలో వంట చేసేది. దొర నెలలో సగం రోజులు ట్రాలీ మీద దిగువమెట్ట, బొగద వైపు తిరుగుతూ ఉండేవాడు. దొరసాని పేరు లిల్లీ. గుంతకల్లు రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన మనిషి కాబట్టి తెలుగు తడుముకోకుండా మాట్లాడేది. గిద్దలూరులో ఆమెకు తోడు ఎవరూ లేరు. ఉన్నదల్లా ఒక రైఫిలు.

అది పాయింట్ టూ టూ రైఫిలు. చాలా చిన్నది. తూటా చిటికెన వేలి కణుపంత ఉంటుంది. మందు తూటా అడుగున, అంచు చుట్టూ ఉంటుంది. తుపాకిలోని సూది ఆ అంచును కొడితే పేలుతుంది. ఒక్కోసారి పేలదు కూడా. పేలితే ఎండిన కందికట్టె విరిచినంత చప్పుడు, అంతే. దొరసాని రోజూ సాయంత్రం బంగళా వెనక మట్టిదిబ్బకు పగిలిన పలకల ముక్కలు ఆనించి కాల్చేది. మార్కాపురం నుంచి పెట్టెల్లో వచ్చిన పలకల్లో పగిలినవాటిని గూడ్సు షెడ్డు వెనక పారేసేవారు, వాటికి కొదవ లేదు.

1934లో ఒకరోజు దొరసాని రైఫిలు మణెమ్మ చేతికిచ్చింది. తానొక్కతే కాలిస్తే గెలిచేది ఎవరిమీదని అడిగింది. మణెమ్మ వెనక్కి తగ్గింది. దొరసాని వదల్లేదు. మొదటి పది తూటాలూ దిబ్బలో దుమ్ము లేపాయి. పదకొండోది పలకను రెండు చేసింది. ఆ టక్కుమన్న శబ్దం మణెమ్మ రాత్రి నిద్రలో కూడా వింది.

యాకోబుకు ఇది తెలిసినరోజు అన్నం ముట్టలేదు. మాలపల్లెలో పుట్టిన ఆడమనిషి చేతిలో తుపాకి ఉందని రైతుల చెవిన పడితే ఏమవుతుందో అతనికి తెలుసు.

"దొరకు రేపు బదిలీ అయితాది, దొరసాని పెట్టె సర్దుకొని పోతాది. ఈడ ఉండాల్సింది మనం," అన్నాడు.

మణెమ్మ ఎదురు చెప్పలేదు, మానుకోనూ లేదు. పెళ్లికి ముందు ఆమె ఎన్నో ఏళ్లు కూలికి కలుపు తీసింది. కలుపులో ఈ సాలుకూ ఆ సాలుకూ తేడా ఉండదు. ఇక్కడ ఒక తూటా ఇంకో తూటాలా ఉండేది కాదు. ఊపిరి బిగబట్టే చోటు, గాలి, ఎండకు వేడెక్కిన గొట్టం, ఏది కొంచెం మారినా గుండు పక్కకు పోయేది. యాభై గజాల్లో తప్పకుండా కొట్టగలిగిన రోజున ఇద్దరికీ విసుగు పుట్టింది. అప్పుడు దొరసాని పలకముక్కకు బెజ్జం పెట్టి దారంతో వేలాడదీసింది. గాలికి అది ఊగింది. మళ్లీ ఇద్దరూ తప్పడం మొదలుపెట్టారు, మళ్లీ నవ్వడం మొదలుపెట్టారు. ఊగేదాని వెంట గురి తిప్పితే అందదని మణెమ్మకు తెలియడానికి ఒక వేసవి పట్టింది. ఊపు చివర అది ఒక్క క్షణం నిలబడుతుంది. అక్కడ కాచుకుని ఉండాలి.

1938 ఎండాకాలంలో కొమరోలు దారిన పిచ్చి తోడేలు తిరుగుతోందని వార్త వచ్చింది. మల్లయ్య అనే గొర్రెలకాపరిని మోచేతి మీద కరిచింది. అతణ్ణి సూదుల కోసం రైల్లో పంపించారు. రెండు రోజులు ఎవరూ కర్ర లేకుండా బయటికి రాలేదు.

మూడోరోజు మధ్యాహ్నం గూడ్సు షెడ్డు హమాలీ గిద్యోను బంగళా వంటింటి దగ్గరికి రొప్పుతూ వచ్చాడు. తోడేలు షెడ్డులో దూరింది. అందరూ బయటపడ్డారు, ఒక్క ముసలమ్మ తప్ప. ఆమె వెంకటసుబ్బులమ్మ, కొమరోలు దగ్గరి పెద్ద రైతు మాలకొండయ్య తల్లి. మోకాళ్ల నొప్పులు. వేరుసెనగ బస్తాలు తూకం వేసేదాకా కూర్చోమని కొడుకు ఆమెను ఒక బస్తా మీద కూర్చోబెట్టి పోయాడు. ఇప్పుడు ఆమెకూ వాకిలికీ మధ్య తోడేలు నిలబడి ఉంది.

దొర ఘాటులో ఉన్నాడు. పోలీసులను పిలవడానికి మనిషి పోయాడు కానీ వాళ్లు వచ్చేసరికి ఎంతసేపవుతుందో తెలియదు. దొరసాని చలిజ్వరంతో రెండు కంబళ్ల కింద ఉంది. లేచి కూర్చుని తన చేతులు చాపి చూపించింది. వేళ్లు ఎండుటాకుల్లా వణుకుతున్నాయి.

"నువ్వే పోవాల, మణెమ్మా. ఒంటిమీద కొడితే చావదు, ఇంకా రేగుతాది. కంటికీ చెవికీ నడిమధ్య కొట్టాల," అంది.

మణెమ్మ రైఫిలు తీసుకుంది. మూడు తూటాలు కొంగున ముడేసుకుంది. చెప్పులు తొడుక్కోవడం మరిచిపోయి కాలుతున్న కంకర మీద పరుగెత్తింది.

షెడ్డు ముందు ఇరవైమంది ఉన్నారు. పట్టాలు సరిచేసే గడ్డపార పట్టుకుని యాకోబు కూడా అక్కడే ఉన్నాడు. భార్య చేతిలో రైఫిలు చూసి అడ్డం వచ్చాడు. అందరికీ వినపడకుండా, పళ్ల బిగువున మాట్లాడాడు.

"లోపల ఉండేది పెద్దరైతు తల్లి. నీ గుండు ఆమెకు తగిల్తే మన పల్లెను మిగలనిస్తారా?"

"తగలకుండా చూస్తా. పక్కకు జరుగు," అంది మణెమ్మ.

అతను జరిగాడు. మాలకొండయ్య అక్కడే గోడకు చేతులానించి నిలబడి ఉన్నాడు. ఆమెను చూశాడు, రైఫిలును చూశాడు, పక్కకు తప్పుకున్నాడు. అతనికి వేరే దారి ఏముంది?

రోడ్డు వైపు వాకిలి నుంచి చూస్తే తోడేలు వెనకే ముసలమ్మ. అక్కడినుంచి కాల్చే మాటే లేదు. మణెమ్మ చుట్టూ తిరిగి పట్టాల వైపు వాకిలి దగ్గరికి వచ్చింది, జనం ఎడంగా ఆమె వెనకే వచ్చారు. అక్కడినుంచి ముసలమ్మ ఎడమపక్క నాలుగు బారల దూరంలో కనిపిస్తోంది. తోడేలు వెనక బస్తాల గోడ. గుండు తప్పితే వేరుసెనగలో దిగుతుంది, రాతిగోడకు తగిలి ఎగరదు. ఇరవై అయిదు గజాలు. ప్లాట్‌ఫారం అంచున పడి ఉన్న, పట్టాల కింద వేసే స్లీపరు చెక్క మీద రైఫిలు ఆనించి, ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. యాభై గజాలకు సరిచేసిన రైఫిలు ఇంత దగ్గరలో కొంచెం ఎత్తు కొడుతుంది. గురి అరవేలు దించింది.

తోడేలు మెడ వేలాడేసుకుని అటూ ఇటూ ఊగుతోంది. నోటినుంచి తీగలా చొంగ కారుతోంది. ముసలమ్మ కదలడం లేదు. పెదవులు మాత్రం ఆడుతున్నాయి.

మణెమ్మ తల వెంట గురి తిప్పలేదు. తల కుడివైపుకు వచ్చి ఆగే చోట గొట్టం చివరి గురిముల్లు నిలిపి కాచుకుంది. తల వచ్చింది, ఆగింది. మీట నొక్కింది.

టిక్కుమంది. పేలలేదు.

ఆ చిన్న చప్పుడుకే తోడేలు చెవులు నిక్కాయి. పేలని తూటాను వెంటనే తీయకూడదని, ఆలస్యంగా పేలి మొహం చీలుస్తుందని, గురి కదలకుండా ముప్పై లెక్కపెట్టాలని దొరసాని వందసార్లు చెప్పింది. మణెమ్మ లెక్కపెట్టింది. పద్దెనిమిది దగ్గర తోడేలు ముసలమ్మ వైపు ఒక అడుగు వేసింది. మణెమ్మ లెక్క ఆపేసింది. మొహం పక్కకు తిప్పుకుని తుపాకి గడియ లాగింది. చెడ్డ తూటా కింద పడింది. కొంగుముడిలోంచి రెండోది తీస్తుంటే వేళ్ల మధ్య జారింది, పడకుండా అరచేత్తో పట్టుకుంది. గొట్టంలో పెట్టి గడియ మూసింది.

గడియ శబ్దానికి తోడేలు నేరుగా ఆమె వైపు తిరిగింది. ఇప్పుడు నుదురు కనిపిస్తోంది. ఏటవాలు ఎముక అది, ఇంత చిన్న గుండు దానిమీద జారిపోవచ్చు. ఆమె కాల్చలేదు. తోడేలు నడిచింది. ఒక అడుగు, రెండు, మూడు. వెనక జనం చెదిరిపోయిన చప్పుడు వినపడింది. యాకోబు గొంతు ఆమె పేరు పలికింది. ఆమె వేలు మీట మీదే ఉంది, నొక్కలేదు.

షెడ్డు నీడ దాటి ఎండలో తల పెట్టగానే తోడేలుకు వెలుతురు కళ్లలో పొడిచినట్లయింది. మొహం పక్కకు తిప్పుకుంది. చెవి కనిపించింది.

కందికట్టె విరిగినట్లు చప్పుడైంది. తోడేలు ముందుకాళ్లు మడిచి, కూర్చున్నట్లుగా ఒరిగింది. మణెమ్మ మూడో తూటా పెట్టి, పది అడుగులు దగ్గరకు వెళ్లి మళ్లీ కాల్చింది.

మాలకొండయ్య లోపలికి పరుగెత్తి తల్లిని లేపబోయాడు. వెంకటసుబ్బులమ్మ అతని చెయ్యి తోసేసింది.

"మణెమ్మంటే నువ్వేనా? వచ్చి నా చెయ్యి పట్టుకొని లేపు," అంది.

మణెమ్మ కదల్లేదు. అటువంటి ఇంటి మనుషుల మీద తన నీడ పడకుండా పక్కకు తప్పుకోవడమే ఆమెకు చిన్నప్పటినుంచీ నేర్పింది.

"నిన్నే," అంది ముసలమ్మ.

మణెమ్మ రైఫిలు యాకోబుకు ఇచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని లేపింది. వాకిలి దాకా నడిపించింది.

రెండోరోజు సబ్ ఇన్‌స్పెక్టరు బంగళాకు వచ్చాడు. లైసెన్సు దొర పేరున ఉంది. కాల్చింది ఎవరని అడిగాడు. తానేనని దొరసాని చెప్పింది. ఆ పూట ఆమె లేవలేనంత జ్వరంలో ఉందని మందిచ్చిన డాక్టరే చెప్పాడే అన్నాడతను. మాలకొండయ్యను పిలిపించి అడిగితే అతను నేల చూపులు చూశాడు. దొరసానే అయ్యుంటుందని గొణిగాడు. బండిలో కూర్చుని ఉన్న వెంకటసుబ్బులమ్మ గొంతు పెంచింది.

"అబద్ధం ఎందుకు నాయనా. నా కండ్లతో నేను చూసినా. కాల్చింది మణెమ్మే."

ముసలమ్మ మేలు చేశాననుకుంది. యాకోబు మాత్రం తల పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు. సబ్ ఇన్‌స్పెక్టరు రైఫిలు తీసుకుపోయాడు. కాగితాలు మార్కాపురం పోయాయి. ఇతరుల తుపాకి కాల్చినందుకు జైలు పడవచ్చని ఎవరికి తోచినట్లు వాళ్లు చెప్పారు. ఆరు వారాలు యాకోబు మాట్లాడలేదు. కట్ట మీద పనికి పోయేవాడు, వచ్చేవాడు, గోడవైపు తిరిగి పడుకునేవాడు. మణెమ్మ గుడిసె ముందు ఎవరి అడుగుల చప్పుడైనా లేచి నిలబడేది.

విచారణ రోజున దొర, దొరసాని, యాకోబు, మణెమ్మ రైల్లో మార్కాపురం వెళ్లారు. వెంకటసుబ్బులమ్మ కూడా వచ్చింది. కచేరి వరండాలో మణెమ్మ పక్కనే నేల మీద కూర్చుంది. అధికారి నడివయసు మనిషి. కాగితాలు చాలాసేపు చదివాడు. మొదటి తూటా పేలనప్పుడు ఏం చేశావని మాత్రం అడిగాడు. లెక్కపెట్టానని, పద్దెనిమిది దగ్గర తెరిచానని ఆమె చెప్పింది.

"ఎందుకు తెరిచినావు?"

"మిగతా పన్నెండూ ఆ యమ్మకు లేవు అయ్యా."

దొరను మందలించి, బంగళా కాపలాకు ఆ రైఫిలు వాడేవారిలో మణెమ్మ పేరు రాయమని అధికారి ఉత్తర్వు ఇచ్చాడు. వరండాలోకి రాగానే యాకోబు ఆమె చేతిలోని మూట తాను అందుకున్నాడు. ఆరు వారాల తర్వాత అతను చేసిన మొదటి పలకరింపు అది.

రైఫిలు తిరిగి వచ్చింది. మణెమ్మ ముట్టుకోలేదు. దొరసాని బలవంతం మీద రెండుసార్లు పడుకుని గురి చూసింది. దారానికి ఊగే పలకముక్క ఉండాల్సిన చోట చొంగ కారే మూతి కనిపించింది. పక్కన పెట్టేసింది. ఆట ఆటగా ఉండేది పోయిందని, ఇక బాగుండదని చెప్పింది. దొరసాని ఒక్కతే కాల్చుకునేది.

ఆషాఢం గాలులు వచ్చాయి. దొరసాని ఒక సాయంత్రం వరసగా తొమ్మిది తూటాలు తప్పింది. వంటింటి వాకిట్లో బియ్యం ఏరుతున్న మణెమ్మ తొమ్మిదీ విన్నది. పలకకు తగిలిన శబ్దం ఒక్కటి కూడా లేదు. గాలి చింతచెట్టును దాటి దిబ్బ దగ్గరకు వచ్చేసరికి వెనక్కి మళ్లుతోందని, దొరసాని అది చూడడం లేదని ఆమెకు తెలుస్తోంది. పదోది కూడా తప్పింది. మణెమ్మ చాట దించి, చేతులు తుడుచుకుంటూ వెళ్లి చాప మీద పడుకుంది. ఆమె కూడా మూడు తప్పింది. నాలుగో తూటా పెట్టేటప్పుడు తోడేలు మాట గుర్తే రాలేదు.

ఆ తర్వాత ఎనిమిదేళ్లు అలాగే గడిచాయి. యాకోబు చెల్లెలి కొడుకు ఏబేలు 1946లో బర్మా యుద్ధం నుంచి పటాలం దుస్తులతో తిరిగి వచ్చాడు. భుజం అదిరిపోయే రైఫిళ్లు కాల్చినవాడు. మేనమామ భార్య మణెమ్మ చేతిలో ఈ తుపాకి చూసి నవ్వాడు.

"ఏందత్తా, పిచ్చికలను కొట్టేదానికా ఇది?"

మణెమ్మ యాభై గజాల్లో అగ్గిపెట్టె వేలాడదీసి, పది తూటాలు అతని ముందు పెట్టింది. మొదటి మూడూ అతను నవ్వుతూనే కాల్చాడు. ఆరోదానికి చొక్కా విప్పి పక్కన పడేశాడు. తొమ్మిదోది అగ్గిపెట్టె మూలను గీసుకుని పోయింది. పదోది తప్పాక చాలాసేపు లేవకుండా అక్కడే పడుకుని, దిబ్బ మీద గడ్డి ఎటు వంగుతోందో చూస్తూ ఉండిపోయాడు.

"ఇంకో పది ఉంటాయా అత్తా?" అని అడిగాడు.

మణెమ్మ అతణ్ణి పక్కకు జరగమని, చాప మీద తాను పడుకుని కాల్చింది. ఆమెదీ తప్పింది. "ఇంకొంచెం ఎడమకు పట్టాల్సింది," అనుకుంటూ మరో తూటా అందుకుంది.