గంట గొంతు మారిన ఏడాది

మొన్న ఖమ్మం బస్టాండులో ఆటో ఎక్కి మా పాత వీధి పేరు చెబితే, డ్రైవరు వెనక్కి తిరిగి "గంట గోపురం కాడనే గద మేడం?" అన్నాడు. అవునన్నాను. అతను ఏ దేవుడికి మొక్కుతాడో తెలియదు గానీ, మా ఊళ్ళో ఎవరికైనా చెరువు పక్కనున్న ఆ పాత చర్చి గోపురమే గుర్తు. పెళ్ళి పత్రికల మీద, దవాఖానా బోర్డుల మీద, కిరాయికి ఇల్లు ఉందనే అట్టముక్కల మీద "గంట గోపురం ఎదురుగా" అని రాసుకుంటారు. ఎదురుగా లేనివాళ్ళు మరీ రాసుకుంటారు. ఆటో చెరువు గట్టు మీదికి మళ్ళేసరికి నాకు మామయ్య గుర్తొచ్చాడు.

మామయ్య అంటే అమ్మకు సొంత తమ్ముడు. బూర్గంపాడులో ఉండి లారీలు తిప్పేవాడు. మనిషి పొడుగు, మాట పొట్టి. ఇంటికొస్తే డీజిలు వాసన, వక్కపొడి వాసన కలిసి ముందే గుమ్మం దాటేవి. అమ్మ నర్సుగా చేసి రిటైరైంది. గొంతు విని ఎవరికి జ్వరమో చెప్పేయగలనని ఆమెకు గట్టి నమ్మకం. చాలాసార్లు నిజమయ్యేది కూడా. తప్పినసార్లు ఆమె లెక్కలో ఉండేవి కావు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో ఒక వేసవిలో గోపురంలో గంటను మోసే దూలం పుచ్చిపోయింది, గంట లోపలి నాలుక అరిగిపోయింది. అది దొరల కాలంలో ఓడ మీద వచ్చిన కంచు గంట. దాని మోత చెరువు మీదుగా సాగి అవతలి పొలాల్లో కలుపు తీసేవాళ్ళను అన్నాలకు లేపేది. చర్చి సంఘ పెద్దలు దాన్ని దించారు. మామయ్య కిరాయి తీసుకోకుండా, లారీలో వరిగడ్డి పరిచి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి, కోస్తా వైపు పోతపనివాళ్ళ దగ్గరికి తీసుకుపోయాడు. బాగుచేయించి తిరిగొస్తూ బూర్గంపాడులో ఆగాడో లేదో, గోదావరి పొంగింది. దారులు మునిగాయి. గంట చాలా రోజులు మామయ్య పెరట్లో తార్పాలిన్ కింద ఉండిపోయింది.

వరద తీశాక గంట వచ్చింది, పైకెక్కింది. ఆదివారం ఆరాధనకు అందరం కూర్చున్నాం. మొదటి దెబ్బకే అమ్మ తలెత్తింది. ఆ మోత మోతలా లేదు. ముక్కు దిబ్బడేసిన మనిషి పాట అందుకున్నట్టుంది. "ఇది మన గంట కాదు," అంది అమ్మ, నాకొక్కదానికే చెప్పాననుకుని. వెనక వరస ఆడవాళ్ళు విన్నారు. మధ్యాహ్నానికల్లా ఊరి మాటల్లో మామయ్య అసలు గంట అమ్మేసి నకిలీది తగిలించాడు. సాయంత్రానికి బూర్గంపాడు పెరట్లో కొలిమి వెలగడం చూసినవాళ్ళు కూడా తయారయ్యారు. వరదలో మునిగిన ఊళ్ళో కొలిమి ఎలా వెలిగిందని ఎవరూ అడగలేదు. పాస్టరు అయ్యగారు "పైకెక్కి చూడండి" అని రెండు మూడుసార్లు అన్నారు. మెట్లు పాడయ్యాయని ఒకరు, తేనెటీగలని ఒకరు తప్పించుకున్నారు. చూస్తే అనుమానం తీరిపోతుంది, ఆ తర్వాత మాట్లాడుకోవడానికి ఏముంటుంది?

సంగతి తెలిసి మామయ్య వచ్చాడు. అమ్మ కూర్చోమంది గానీ కాళ్ళకు నీళ్ళివ్వలేదు.

"అక్కా, నువ్వు గూడ గట్లనే అనుకుంటున్నవా?"

"నేనేం అనుకుంటలేను. చెవులతోని విన్నది చెప్పిన."

"ఊరు వినే ముందు నన్నొక్క మాట అడగాలె గద."

నేను తెచ్చిన టీ తాగకుండానే ఆయన లేచాడు. ఆ క్రిస్మసుకు రాలేదు. కేకు మీద కత్తి పెట్టేటప్పుడు అమ్మ వీధి వైపు చూడ్డం నేను చూశాను. అయినా గంట మోగినప్పుడల్లా ఆమె ముఖం ముడుచుకునేది, అనుమానం మళ్ళీ మొదటికొచ్చేది.

చివరికి ఒక పొద్దున "నడువే, ఎక్కుదాం" అంది. చీర కుచ్చిళ్ళు దోపుకుని ముందు ఆమె, వెనక నేను. తాతయ్య ఒకప్పుడు ఆ గంట కొట్టేవాడట. చిన్నప్పుడు అమ్మ ఆయన వెంట ఎక్కి, గంట అంచున పెచ్చు ఊడిన చోట వేలు పెట్టి ఆడుకునేదట. పైన చీకట్లో గంట అంచు తడుముతూ పోయి ఒకచోట ఆగింది. పెచ్చు ఊడిన ఆ చోటనే వేలు ఉంచింది. "అదేనే," అంది.

"ఇంత చీకటేందమ్మా ఇక్కడ?" అన్నాను. అప్పుడు చూశాం. చెరువు వైపు కమాను కిటికీలన్నీ ఇటుకలతో మూసి ఉన్నాయి. గంట దించినప్పుడు, తేనెటీగలు పడుతున్నాయని సంఘమే మూయించింది. చెరువు మీదికి పోవాల్సిన మోత గోడకు కొట్టుకుని అక్కడక్కడే మూలుగుతోంది. "మూద్దామంటే చెయ్యెత్తినోళ్ళల్ల నేను గూడ ఉన్న," అంది అమ్మ మెల్లగా.

మర్నాడు బస్సులో బూర్గంపాడు వెళ్ళాం. మామయ్య లారీ కింద ఉన్నాడు. అమ్మ వంగి చెప్పింది: "తమ్మీ, గంట మనదేరా."

"అవ్ అక్కా. నాకెర్కనే," అన్నాడు కిందనుంచే. చేతులు కడుక్కొచ్చి, గోదావరి చేపల పులుసుతో అన్నం పెట్టించాడు.

ఇటుకలు తీసేశారు. మోత మళ్ళీ చెరువు దాటింది, తేనెటీగలూ తిరిగొచ్చాయి. మామయ్యే భయపడి అసలు గంట తిరిగి తెచ్చిపెట్టాడని అప్పుడు కొందరన్నారు. మామయ్య మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు, ఎప్పటిలాగే నవ్వేవాడు. అయితే చేపలు తెచ్చినా, మామిడిపళ్ళు తెచ్చినా, సంచి గుమ్మంలోనే విప్పి "చూసుకో అక్కా" అనేవాడు. "చూసుడెందుకురా, లోపలికి రా" అనేది అమ్మ. అయినా చూపించేవాడు. పోయేదాకా చూపిస్తూనే ఉన్నాడు. కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు. వాళ్ళిద్దరి విషయంలో దానికి మాన్పే తీరిక దొరకలేదేమో, అలవాటు మాత్రం చేసి వెళ్ళిపోయింది.