నేను పొయ్యిలో పెట్టిన టేకు చెక్కలు

మా పెరట్లో రాగి బాయిలర్ ఉంది. కింద నాలుగు చెక్క ముక్కలు పెడితే ఇంటిల్లిపాదికీ వేన్నీళ్ళు కాగుతాయి. స్నానానికి గ్యాసు మీద నీళ్ళు కాచడం నా ఇంట్లో జరగదు. కోడలు కరెంటు హీటరు కొందామంటే ఒప్పుకోలేదు. కొబ్బరి మట్టలు, డొక్కలు, విరిగిన పెట్టెల చెక్కలు, ఏది దొరికితే అది ఎండబెట్టి దాస్తాను. మండే వస్తువును ఎవరైనా పారేస్తే వెళ్ళి ఏరి తెచ్చుకుంటాను. ఆ బుద్ధే నా చేత ఒకసారి చేయకూడని పని చేయించింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అయినా చెబుతాను.

మా ఆయన ఫౌండ్రీలో పనిచేసేవారు. కూర్మన్నపాలెంలో మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక పెద్ద రేకుల షెడ్డు. లోహం కరిగించి, ఇసుకలో తీసిన అచ్చుల్లో పోసి, పంపుల భాగాలు తయారుచేసేవారు. ఆయనది ఇసుక పని. ఆయన పోయిన తర్వాత అదే షెడ్డులో మా అబ్బాయి కొలిమి దగ్గర చేరాడు.

ఇసుకలో అచ్చు తీయాలంటే ముందు ఆ భాగం ఆకారంలోనే ఒక చెక్క నమూనా ఉండాలి. దాన్ని వాళ్ళు పేట్రన్ అంటారు. టేకుతో చేసి, నున్నగా తోమి, ఎర్ర రంగు వేసి, మీద నంబరు రాస్తారు. ఒక్కోదానికి నెల రోజులు పట్టిన సందర్భాలున్నాయి. పని అయ్యాక అటక మీద పెడతారు. పదేళ్ళకో పదిహేనేళ్ళకో మళ్ళీ ఆ భాగం కావాలంటే దాన్నే దించుతారు. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు.

ఆ షెడ్డులో తయారయ్యే సరుకు చాలావరకు పరదేశం వెళ్ళేది. పెట్టెల్లో సర్ది, పోర్టుకు పంపి, ఓడ ఎక్కించేవారు. ఏడాదికి ఏవో నాలుగైదు ముక్కలు మాత్రం ఇక్కడే, మరమ్మతుకు వచ్చిన నేవీ ఓడల కోసం చేసేవారు. వాటిలో లాభం లేదని ఓనరు గొణుగుతూనే చేయించేవాడు. పరదేశం పనితో కొలిమి వెలిగేది. వెలిగిన కొలిమిలోనే ఓడల పని కూడా అయిపోయేది.

ఒకరోజు అన్నం తింటూ అబ్బాయి చెప్పాడు.

"అమ్మా, మన సరుకు కొనే దేశమోలు పన్ను పెంచీసినారట."

"పెంచితే పెంచనీ. కొన్నోడు కట్టుకుంటాడు. నీకేటి?"

"కొన్నోడు కట్టడే. కొనడం మానేత్తాడు."

"ఆలకి పంపులొద్దేటి మరి?"

"ఇంకో దేశం కాడ కొనుక్కుంటారు. నీకు సెప్పినా తెలదు, ఒగ్గీ."

పని తగ్గించుకోవడానికి ఓనరు చెప్పే సాకు అనుకున్నాను. ఎక్కడో సముద్రం అవతల ఎవరో పెద్దమనిషి సంతకం పెడితే మా ఇంటి పక్క షెడ్డు ఎందుకు చల్లారాలి? కాని చల్లారింది. మొదట వారానికి మూడు రోజులు వెలిగించారు. తర్వాత ఒక రోజు. తర్వాత అదీ లేదు. బయటి దేశం నుంచి తయారైన భాగాలే తెప్పించి అమ్ముకుంటే మేలని ఓనరు లెక్క వేసుకున్నాడు. ఇసుక పనివాళ్ళు చెల్లాచెదురయ్యారు. యారాడ కుర్రాళ్ళు తిరిగి చేపల పడవలెక్కారు. ఇద్దరు ఆటోలు తీసుకున్నారు. మా ఆయన దగ్గర పని నేర్చుకుని ఆయనంత పనివాడైన మనిషి ఒకడు, మద్దిలపాలెంలో బట్టల షాపు ముందు సెక్యూరిటీ గార్డుగా చేరాడు. మా అబ్బాయిని మాత్రం గోడౌను చూసుకోవడానికి ఓనరు ఉంచుకున్నాడు.

అటక ఖాళీ చేయమంటే మా వాడు మూడు గోనెసంచుల పేట్రన్లు ఇంటికి మోసుకొచ్చి వెనక వరండాలో పెట్టాడు. "నాన్న వాడినవి. పారెయ్యబుద్ధి కాలేదు," అన్నాడు.

ఆ ఏడు చలి గట్టిగా పట్టింది. నా దగ్గర దాచిన పుల్లలు అయిపోయాయి. ఒక పొద్దున సంచి విప్పి చిన్న ముక్క ఒకటి తీశాను. ఫౌండ్రీ ఎలాగూ మూసేశారు కదా, వీటితో ఇంక పనేముంది అనుకున్నాను. ముదురు టేకు. పొగ లేకుండా, చిటపట లేకుండా మండింది. మర్నాడు ఇంకొకటి. పెద్దవాటిని కత్తితో చీల్చాను. నంబర్లు కనిపిస్తూనే ఉన్నాయి. ఒకదాని మీద నంబరు పక్కన మా ఆయన బొగ్గుతో గీసిన చిన్న గుర్తు కూడా ఉంది. అది చూసి ఒక్క నిమిషం ఆగాను. తర్వాత పెట్టేశాను. మా వాడు రోజూ ఆ నీళ్ళతోనే స్నానం చేసి పనికి వెళ్ళాడు. శివరాత్రి నాటికి మూడు సంచులూ ఖాళీ. సంచులు ఉతికి మడతపెట్టాను.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం అబ్బాయి ఓనరును వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళతో ఇంకొకాయన ఉన్నాడు, ఓడల మరమ్మతు చూసే సూపర్‌వైజరు. ముగ్గురి మొహాల్లోనూ పండగ కళ ఉంది. నేను మంచినీళ్ళు తెచ్చేలోపు మా వాడు వరండాలోకి వెళ్ళి, అక్కడినుంచే కేకేశాడు.

"అమ్మా, గోనిలెక్కడెట్టినావు?"

"ఏ గోనిలు?"

"నాన్నవి. పేట్రన్లు."

నేను బాయిలర్ వైపు చూశాను. వాడూ చూశాడు.

"అన్నీనా?" అన్నాడు.

"అన్నీ."

వాడు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. బాయిలర్ పక్కన చతికిలబడి బూడిద కుప్ప వైపు చూస్తూ కూర్చున్నాడు. ఓనరు మాత్రం తల కొట్టుకున్నాడు. "పెద్దమ్మా, కొంప ముంచీసినావు కద! ఒక్కటి, ఒక్క పెంకు పేట్రను మిగిల్తే సాలును."

అప్పుడు సూపర్‌వైజరు నాకు విడమరచి చెప్పాడు. ఒక ఓడలో సముద్రపు నీరు తోడి ఇంజను చల్లబరిచే పంపు ఉంది. దాని పై పెంకు పగిలింది. ఆ పంపు బయటి దేశానిది. కొత్త పెంకు పంపమంటే, యుద్ధ ఓడకు భాగాలు పంపాలంటే ఇప్పుడు తమ ప్రభుత్వం అనుమతి కావాలని వాళ్ళు అంటున్నారు. అనుమతి ఎప్పుడొస్తుందో వాళ్ళకే తెలియదు. ఎన్నో ఏళ్ళ క్రితం అలాంటి పెంకే పగిలితే ఈ షెడ్డులో పోశారట, పోసింది మా ఆయనట. పాత కాగితాల్లో దొరికింది.

"ఏ ఓడ బాబూ?"

"అది చెప్పకూడదమ్మా. సముద్రంలో కాపలా తిరగాల్సిన ఓడ. ఆ ఒక్క ముక్క లేక గట్టున కట్టేసి ఉంది. ఎవడితోనైనా గొడవొచ్చినప్పుడు ముందు ఆగిపోయేది ఇలాంటి ముక్కలే. అందుకే ఇక్కడ చేసుకోగలమా అని తిరుగుతున్నాను."

ఆయన గొంతు పెంచలేదు. నా కళ్ళు వంటింటి వైపు పోయాయి. నా వంటింట్లో ఉప్పు, చింతపండు, పప్పు ఏడాదికి సరిపడా ఉంటాయి. ధర పెరిగినా బజారు మూసినా నా ఇల్లు ఒకరి మొహం చూడకూడదని నా పట్టుదల. అలాంటి దాన్ని, ఊరు దాచుకున్న వస్తువు తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టాను.

"ఆ పేట్రన్లు చేసినాయన బతికే ఉన్నాడు," అన్నాను. "పదండి."

ఆయనది పాత ఊరు. తాత ముత్తాతల నుంచి చెక్క పని చేసే ముస్లిం కుటుంబం. మా ఆయన్ని బావ అని పిలిచేవాడు, నన్ను అక్కా అని. వెళ్ళేసరికి కొడుకు మొబైల్ షాపు ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను జరిగింది దాచకుండా చెప్పాను. విని, గడ్డం నిమురుకుంటూ నవ్వాడు.

"అయితే నా ముప్పై ఏళ్ళ పని ఒక్క సలికాలంలో తానం సేసీసినావన్నమాట. మరి నీళ్ళు బాగా కాగినాయా అక్కా?"

"బాగానే కాగినాయి తమ్ముడూ. తిట్టు, పడతాను."

"తిట్టి ఏటి సేత్తాను? నాను సేసినవి బాగా మండినాయంటే నికార్సైన టేకే ఎట్టినానన్నమాట." అంతలోనే నవ్వు తగ్గింది. "మళ్ళీ సెయ్యాలంటే సేతులున్నాయి. కళ్ళు లేవు. ఒకదానికి ఆపరేషనయింది, రెండోది మసక. స్కేలు మీద గీతలు కనబడవు."

"అంకెలు నాకొచ్చు," అన్నాను. "నాను సదువుతాను, నువ్వు కొయ్యి."

కొడుకు వారించబోయాడు. "అబ్బాజాన్, డాక్టరు వద్దన్నాడు కదా." ముసలాయన వినిపించుకోలేదు.

పగిలిన పెంకును ముక్కలు అతికించి షెడ్డులో బల్ల మీద పెట్టారు. చెక్క దగ్గర మళ్ళీ చిక్కొచ్చింది. టింబర్ డిపోలో ఉన్న టేకు కూడా ఓడ మీద వచ్చిందే, ఇంకా పచ్చి వదల్లేదు. అలాంటి చెక్క నెల తిరక్కుండా వంకరపోతుందని ఆయన ముట్టుకోలేదు. మా వంటింట్లో సామాన్ల అరల పలకలు ముదురు టేకువి. మా పెళ్ళైన కొత్తలో మా ఆయన బిగించినవి. డబ్బాలన్నీ నేల మీదికి దించి, పలకలు ఊడదీయించి ఆటోలో వేసుకెళ్ళాను. కోడలు గుమ్మంలో నిలబడి చూసింది. "అత్తా, నిజంగానేనా?" అంది. ఆటో పోనిమ్మన్నాను.

పంతొమ్మిది రోజులు పొద్దున్నే వెళ్ళి ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆయన స్కేలు మామూలు స్కేలు కాదు. చూడ్డానికి ఒకేలా ఉంటుంది గాని ప్రతి అంగుళం రవ్వంత పొడుగు. "కరిగినది సల్లారితే ముడుసుకుపోతాది అక్కా. ఎంత ముడుసుకుంటాదో అంత ముందే పెంచుకోవాల," అని చెప్పాడు. పగిలిన పెంకును ఉన్నదున్నట్టు ఇసుకలో నొక్కితే చిన్నది వస్తుందట, ఓడకు పట్టదట. నేను మామూలు స్కేలుతో పెంకు కొలత చదివేదాన్ని. అదే అంకెను ఆయన స్కేలు మీద వెతికి, గోరుతో చూపించేదాన్ని. ఆయన నా గోరు ఆనవాలుతో గీత గీసి, ఉలి పెట్టేవాడు. ఒకసారి ఆరు బదులు తొమ్మిది చదివాను. ఆయన వేళ్ళతో తడిమి, "అక్కా, ఇది కూడా కాల్సేద్దామనుకున్నావేటి?" అన్నాడు. ఆ పూటంతా ప్రతి అంకెనూ రెండుసార్లు చదివాను.

పేట్రన్ అయింది. మద్దిలపాలెం గార్డును అబ్బాయి బతిమాలి రెండు రోజులు సెలవు పెట్టించాడు. అతను ఇసుక పిడికిట పట్టి, నొక్కి, విరిచి చూసి, "సేతులింకా మర్సిపోనేదు," అన్నాడు. మా వాడు కొలిమి వెలిగించాడు. గన్ మెటల్ అనే కంచు కరిగించి పోశారు. చల్లారాక ఇసుక పగలగొట్టి, కంతలు మూసి, లోపల నీళ్ళు ఒత్తిడితో నింపి చూశారు. పెంకు పక్కన చెమట పట్టినట్టు నీళ్ళు ఊరాయి. లోపలెక్కడో గాలి బుడగ ఉండిపోయింది. ఓనరు బయటికి వెళ్ళిపోయాడు. గార్డు తన ఫోను తీసి, షాపు వాళ్ళను ఇంకో మూడు రోజులు అడిగాడు. అవతలివాడు ఏమన్నాడో గాని ఇతను మాత్రం "సరే సార్, జీతం కోసుకోండి," అని పెట్టేశాడు.

రెండోసారి గార్డు అచ్చులో గాలి పోయే దారులు ఇంకో నాలుగు పెట్టాడు. పోత నెమ్మదిగా, తెగకుండా పోయించాడు. మళ్ళీ నీళ్ళు నింపారు. సూపర్‌వైజరు గడియారం చూస్తూ నిలబడ్డాడు. ముసలాయన కళ్ళకు కనిపించక పెంకు చుట్టూ అరచెయ్యి తిప్పుతూనే ఉన్నాడు. గంట గడిచింది. ఆయన చెయ్యి ఎత్తి మాకు చూపించాడు. పొడిగా ఉంది.

మా వాడు నా పక్కకొచ్చి నిలబడ్డాడు. ఆ మధ్యాహ్నం తర్వాత వాడు నా పక్కన నిలబడడం అదే మొదలు.

సూపర్‌వైజరు పెంకును గోనెపట్టాలో చుట్టించుకుని, ఇలాంటివి ఇంకా రెండు మూడు రకాలు కావాలని, షెడ్డు తెరిచి ఉంచగలరా అని అడిగాడు. ఓనరు గార్డు వైపు తిరిగాడు. "ఉండిపోరా. నీలాటోడు మళ్ళీ దొరకడు."

"పని ఎన్నాళ్ళుంటాది సార్?"

"ఇదిగో, ఈయన సెప్పినట్టు రెండు మూడు ముక్కలు..."

"ఆ తరవాత?"

ఓనరు సూపర్‌వైజరు వైపు చూశాడు. ఆయన గోనెపట్టా ముడి సరిచూసుకున్నాడు. ఆ పెంకు పుట్టడానికి నాలుగు జతల చేతులు కావలసి వచ్చాయి. అందులో రెండు జతలు డెబ్బై దాటిన మా ఇద్దరివి, ముసలాయనదీ నాదీ. మిగిలిన రెండిట్లో ఒకటి, గార్డుది, ఇప్పుడు కుళాయి దగ్గర మోచేతుల దాకా మసి కడుక్కుంటోంది.

కడుక్కుని, సంచిలోంచి నీలం యూనిఫారం చొక్కా తీసి వేసుకున్నాడు. బొత్తాలు పెట్టుకుంటూ నా దగ్గరికొచ్చి, "ఎల్లొత్తానమ్మా. రెండింటికి డ్యూటీ," అన్నాడు. మద్దిలపాలెం బస్సు రావడానికి ఇంకా కొంత వ్యవధి ఉంది. అయినా నేను ఆపలేదు. ఏం చెప్పి ఆపను?