తొక్కినాక ఒక్క క్షణం

నిన్న పొద్దున మా కారు కొనడానికని ఒకాయన వచ్చాడు. చుట్టూ తిరిగి చూశాడు, టైర్లను బొటనవేలితో నొక్కాడు, బానెట్ ఎత్తి బావిలోకి తొంగిచూసినట్టు ఇంజన్‌లోకి చూశాడు. తరువాత అందరూ అడిగేదే అడిగాడు, "పికప్ ఎట్లుంటాది మేడం?" అని. బాగుంటుంది అన్నాను. ఒక్క మాటతో ఊరుకోవడం నా జన్మలో అరుదు. గుమ్మంలో నిలబడి పేపరు చదువుతున్న మా ఆయన కూడా తల ఎత్తి చూశాడు. నిజానికి ఆ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా ఉంటుంది, తిరిగి వచ్చేటప్పుడు ఇంకా పొడుగవుతుంది. ఆ పికప్ అంటే నాకు భయం. రెండేళ్ళు తోలాను, రెండేళ్ళూ భయపడ్డాను. ఎవరితోనూ అనలేదు. ఎట్లా అంటాను, ఆ బండే కావాలని పంతం పట్టింది నేనైతే?

దానికి ముందు పదకొండేళ్ళు నా దగ్గర ఒక పాత చిన్న కారు ఉండేది. ఎద్దులబండిని దాటాలన్నా వెనక ఊరి నుంచే ఆలోచన చేసుకోవాలి. కాలు నేలకు అంటేదాకా తొక్కితే, రోషమూ లేకుండా మోసమూ లేకుండా, తొక్కినంత మేరకు మెల్లగా ఊపందుకునేది. ఇక చాలు, నన్ను వదిలెయ్యి అన్నట్టు ఒకరోజు కాలేజీ గేటు ముందరే ఆగిపోయింది. కొత్తది చూద్దామని కర్నూలు పోయాం. మా ఆయనకు లైసెన్సు ఉంది గానీ తోలడు. నేను తోలేటప్పుడు కూడా వెనక సీట్లోనే కూర్చుంటాడు, ముందు కూర్చుంటే రోడ్డు కనపడుతుందట. షోరూంలో టై కట్టుకున్న ఆ మనిషికి ఇదంతా తెలియదు కదా, గంటసేపు ఆయనకే అన్నీ చూపించాడు. తోలేది నేనని చెప్తే నా వైపు ఒకసారి జాలిగా చూసి, మళ్ళీ ఆయనతోనే, "అయితే మామూలు ఇంజన్ చాలు సార్. టర్బో అంటే కొంచెం స్పోర్టీ, మేడంకు కష్టం" అన్నాడు.

పాతికేళ్ళుగా ఇంటర్ పిల్లలకు ఎకనామిక్స్ చెప్తున్నదాన్ని, కళ్ళాపి నీళ్ళ మొదలు కాలేజీ టైంటేబుల్ దాకా దేనిమీదైనా వాదించి గెలిచినదాన్ని. నాకు ఏది కష్టమో నాకంటే ముందు ఈ మనిషికి తెలిసిపోయిందా అనుకున్నాను. టర్బోనే కావాలన్నాను, గేర్లు మార్చుకునేదే కావాలన్నాను, ఎర్రదే కావాలన్నాను. అప్పటికి నా మనసులో టర్బో అంటే బట్టల సబ్బు మీద రాసే 'సూపర్' లాంటి మాట. మా ఆయన నా చెయ్యి మెల్లగా గిల్లాడు. గిల్లకపోయి ఉంటే ఒకవేళ మామూలుదే కొనేదాన్నేమో.

ఊళ్ళో అది సాధువు. ఆదోని బజారులో ఆటోల మధ్య, తోపుడుబండ్ల మధ్య మెత్తగా నడిచింది. ఎమ్మిగనూరు రోడ్డు ఎక్కిన మొదటి రోజు దాని రెండో ముఖం చూశాను. ఖాళీ రోడ్డు, ఇద్దరం, అంటే నేనూ అదీ. రెండో గేరులో కాలు నొక్కాను. ఏమీ లేదు. ఇంజన్ తిరిగే లెక్క చూపే ముల్లు ఒకటి దాటి నింపాదిగా రెండు వైపు పాకుతోంది. వినలేదేమోనని ఇంకొంచెం నొక్కాను. ముల్లు రెండు దాటిందో లేదో, ఎవరో వెనక నుంచి నడుం మీద కాలుపెట్టి తన్నినట్టు బండి ముందుకు దూకింది. నా తల సీటుకు కొట్టుకుంది. స్టీరింగు చేతుల్లో ఎడమకొకసారి, కుడికొకసారి గుంజుకుంది. పాలకుక్కర్ కూత పెట్టేముందు చేసే సన్నటి ఈల ఒకటి బానెట్ కింద నుంచి వినపడింది. కాలు తీసేశాక కూడా ఆ ఈల నా చెవుల్లో ఆగలేదు. ఇంటికొచ్చి రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగాను. బండి ఎట్లుందని మా ఆయన అడిగాడు. దివ్యంగా ఉందని చెప్పాను.

తరువాత పుస్తకం చదివినట్టు చదివి తెలుసుకున్నాను లెండి. పొగగొట్టం గుండా ఊరికే పోయే పొగతోనే లోపల ఒక చిన్న చక్రాన్ని తిప్పి, ఆ చక్రంతో ఇంజన్‌లోకి ఇంకా గాలి కుక్కుతారట. చక్రం వేగం అందుకోవడానికి ఒక క్షణం కావాలట. ఆ క్షణంలో బండి నిద్రపోతుంది, తరువాత ఒకేసారి నలుగురి బలంతో లేస్తుంది. అంతా తెలిసింది. తెలిసినంత మాత్రాన భయం మానుతుందా? మామూలుగా అయితే ఆ బండిని ఇంటిముందు నిలబెట్టి రోజూ తుడుచుకుంటూ గౌరవం కాపాడుకునేదాన్ని. కానీ మా చిన్నమ్మ ఉంది.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. ఎమ్మిగనూరులో నలభై ఏళ్ళు మగ్గం గుంటలో కూర్చున్న మనిషి. అమ్మ పోయాక నన్ను సాకింది ఆమే. నేను కాలేజీలో వాదనలు నేర్చుకుంటున్నంత కాలం ఆమె గుంటలో కాళ్ళాడిస్తూనే ఉంది. షుగరు ముదిరి ఆమె కుడికన్ను అప్పటికే నీడలపాలయింది. ఎడమ కన్నైనా నిలవాలంటే నెలకొకసారి కంట్లో ఇంజక్షన్ పడాలి, ఒక్క నెల తప్పినా నేను మాట ఇవ్వలేనన్నాడు ఆదోని కంటి డాక్టరు. బస్సెక్కితే ఆమెకు వాంతులు. ఇంజక్షన్ అయ్యాక కంటికి కట్టు కడతారు, ఆ కట్టుతో బస్సులో దుమ్ము కొట్టుకుంటూ ఎట్లా పోతుంది? కాబట్టి నేను, ఆ ఎర్ర బండి. నేను ఆదోని నుంచి పోయి ఆమెను తీసుకురావాలి, మళ్ళీ దిగబెట్టాలి. ఇంట్లోకి వచ్చినట్టు చెప్పులు విడిచి, వాటిని ఒడిలో పెట్టుకుని, ముందు సీట్లో నా పక్కన కూర్చునేది. ఏసీ వాసన పడదని అద్దం పూర్తిగా దించేది. యాభై దాటిన నన్ను ఇంకా పాపా అనే పిలిచేది.

మూడో ఇంజక్షన్ నాటికి పత్తి కాలం వచ్చింది. పత్తి కాలంలో ఆ రోడ్డు మనది కాదు, ఆదోని మార్కెట్‌కు పోయే ట్రాక్టర్లది. ట్రాలీకి రెండింతల వెడల్పున పత్తి కుక్కి, పైన వల పరిచి తాళ్ళు బిగించి, నగలన్నీ ఒకేసారి పెట్టుకుని పెళ్ళికి బయలుదేరిన పెద్దామెలా ఊగుతూ పోతుంటాయి. వెనకున్నవాళ్ళకు తెలుపు తప్ప ఇంకేమీ కనపడదు. హారన్ కొట్టి లాభం లేదు, తోలేవాడి పక్కన పెద్ద స్పీకరు మోగుతుంటుంది. ఆ రోజు అట్లాంటి ఒకదాని వెనక ఇరుక్కున్నాను. ఇంజక్షన్లు వేసే డాక్టరు వారానికొకరోజే వస్తాడు, పన్నెండు కొట్టగానే వేరే ఊరికి వెళ్ళిపోతాడు. అప్పటికే పదకొండు దాటింది. నాలుగో గేరులో, నలభై వేగంతో ఈడుస్తున్నాను. కుడివైపుకు జరిగి చూస్తే రోడ్డు ఖాళీగా ఉంది. కాలికి పాత బండి అలవాటు వచ్చింది. గేరు తగ్గించలేదు. కాలు నేలకు అంటేదాకా తొక్కి బయటికి వచ్చేశాను.

ఏమీ జరగలేదు. ఇంజన్ గొంతు పట్టిన మనిషిలా మూలిగింది. ట్రాలీ వెనక చక్రం పక్కకు వచ్చాం. ఎదురుగా కల్వర్టు దిబ్బ మీద బస్సు కనపడింది. ముందు దాని నెత్తి, తరువాత అద్దం, తరువాత మొత్తం బస్సు. ఈ బండి ఇంక పోదని నిర్ధారణ చేసుకున్నాను, వెనక్కి తగ్గి ట్రాక్టరు వెనకే దూరాలని చేతులు ఎడమకు తిప్పాయి. చేతులకు అందిన మాట కాలికి ఇంకా అందలేదు. సరిగ్గా అప్పుడు వచ్చింది ఆ తన్ను. బండి ముందుకు, ఎడమకు, చిన్నమ్మ కూర్చున్న వైపుకు, పత్తిలోకి దూకింది. పక్క అద్దం ఫటుక్కున మడతపడింది. తలుపు పొడుగునా వల బరబరా గీరుకుపోయింది. కిటికీలో నుంచి పత్తి లోపలికి వచ్చింది. అప్పుడు కాలు లేచి బ్రేకు మీద పడింది, ట్రాలీ మమ్మల్ని వదిలి ముందుకు పోయింది, బస్సు హారన్ ఆపకుండా కుడి పక్క నుంచి దాటింది. దాని గాలికి బండి ఉయ్యాలలా ఊగింది.

రోడ్డు దిగి నల్లరేగడి అంచున, ఒక తుమ్మచెట్టు పక్కన ఆపాను. చేతులు స్టీరింగు నుంచి విడిపించుకోవడానికి ఒక్కొక్క వేలూ విప్పుకోవలసి వచ్చింది. పక్కకు చూడడానికి భయమేసింది. ఇదొక్కటే ఇప్పటికీ అప్పుడప్పుడూ నిద్రలో వస్తుంది, పక్కకు తల తిప్పడానికి ముందున్న ఆ కాస్త సమయం. తిప్పి చూశాను. చిన్నమ్మ ఒడినిండా పత్తి, జుట్టులో పత్తి, చెప్పుల మీద పత్తి. ఒక పిడికెడు తీసుకుని వేళ్ళ మధ్య లాగి పేనుతోంది.

"మంచి పింజే" అంది.

నాకు ఏడుపొచ్చింది, ఏడుపు రాగానే వాదన వచ్చింది. ఆ షోరూం మనిషిని, ఈ బండిని చేసినవాణ్ణి, పత్తి వేసినవాణ్ణి, స్పీకరు పెట్టినవాణ్ణి వరసగా కడిగేశాను. ఇంక ఈ పిశాచిని ముట్టుకోను, ఆటో పిలుస్తానన్నాను. ఆ రోడ్డు మీద పన్నెండు లోపల ఆదోని చేరే ఆటో దొరకదని ఇద్దరికీ తెలుసు. నా మాటలన్నీ అయిపోయేదాకా ఆమె ఆగింది.

"బండిది తప్పు కాదు పాపా. నువ్వు తొక్కితివి, అది వస్తాండాది. వచ్చేలోపల నువ్వు మనసు మార్చుకుంటివి."

"నీకెట్లా తెలుసు? నీకు రోడ్డే కనపడదే."

"రోడ్డు కనపడదు. వీపుకు తెలుస్తాది గదా."

తరువాత ఆమె చెప్పింది మగ్గం గురించి. కొత్త మగ్గంలో కాలికింది చెక్క తొక్కగానే పోగులు పైకీ కిందికీ విడిపోయి మధ్యలో సందు తెరుచుకుంటుందట. తాళ్ళు సాగిపోయిన మగ్గం అట్లా కాదు, తొక్కినాక ఒక క్షణం ఆలోచించుకుని తెరుస్తుంది. కొత్త మగ్గం మీద నేర్చుకున్నవాళ్ళు దానిమీద కూర్చుంటే తొందరపడి అడ్డపోగు మోసే నాడె విసురుతారు, గంట పని పాడవుతుంది. ఆమె పెళ్ళయి వచ్చిన ఇంట్లో అట్లాంటి సాగిన మగ్గమే ఉండిందట, నలభై ఏళ్ళూ దానిమీదే నేసింది.

"సందు తెరుసుకోక ముందే నాడె ఇసిరితే పోగులు తెగుతాయి. కొంచెం ముందుగా తొక్కల్ల, తొక్కినాక ఆగల్ల. అంతే."

నీకు భయం కాలేదా చిన్నమ్మా అని అడిగాను. "కనపడనోళ్ళకు భయమేంటిది పాపా. తోలు, డాక్టరు ఎల్లిపోతాడు" అంది, ఒడిలోని పత్తి దులపకుండానే.

తోలాను. పన్నెండుకు పది నిమిషాలుండగా ఆస్పత్రి చేరాం. జుట్టులో పత్తితోనే ఆమె ఇంజక్షన్ వేయించుకుంది. ఆ తరువాత ప్రతి నెలా అంతే. దాటాలంటే ముందు గేరు తగ్గించి, ట్రాక్టరు వెనకే ఉండగా తొక్కి, ముల్లు రెండు దాటేదాకా ఊపిరి బిగబట్టి ఆగి, వీపుకు తన్ను తగిలాకనే బయటికి రావడం నేర్చుకున్నాను. మూడో గేరులో ముల్లు మూడు, నాలుగు దాకా ఉరికే ఆ ఊపు బాగుంటుందని, ట్రాక్టరును రెండు రెప్పపాట్లలో వెనకేయవచ్చని కూడా తెలిసింది. భయం మాత్రం పోలేదు. అయినా పక్కన ఆమె కళ్ళు సగం మూసుకుని, చెప్పులు ఒళ్ళో పెట్టుకుని రాయిలా కూర్చునేది కదా, ఆ ధైర్యాన్ని చూసి నేను కొంచెం అరువు తెచ్చుకునేదాన్ని. ఆ బండిలో భయపడేది నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. ఎడమ కన్ను నిలిచింది. పోయిన వేసవిలో చిన్నమ్మ గుండె ఆగి వెళ్ళిపోయింది గానీ, దానికి వారం ముందు కూడా సూదిలో దారం తనే ఎక్కించుకుంది.

ఇంక ఆ రోడ్డు మీద నాకు పనిలేదు. అందుకే అమ్మకానికి పెట్టాను. నిన్న వచ్చినాయన ఒకసారి తోలి చూస్తానన్నాడు. తాళం ఇచ్చి, అలవాటు లేని ఎడమ వైపు తలుపు తీసుకుని కూర్చున్నాను. రెండేళ్ళలో ఆ సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. ఊరు దాటాక ఆయన ఉత్సాహంగా తొక్కాడు. ఏమీ జరగలేదు. ఎదురుగా ఒక లారీ. నా చేతిలో స్టీరింగు లేదు, గేరు లేదు, ఏమీ లేదు. నాకు తెలియకుండానే నా కుడికాలు లేని బ్రేకు మీద బలంగా తొక్కింది. మడమ పోయి ఒక గుంటలో పడింది.

వంగి చూశాను. కాలికింది బట్ట మ్యాట్‌లో, సరిగ్గా కుడి మడమ ఆనేచోట, నూగంతా అరిగిపోయి అడుగు నార బయటపడింది. చుట్టూ మ్యాట్ కొత్తగానే ఉంది. చిన్నమ్మ పగిలిన మడమ, చెప్పు లేని కాలు, నెలకొక్కసారి పోనూ రానూ, ప్రతి ట్రాక్టరుకూ, ప్రతి బస్సుకూ.

ఈల మోగింది, బండి దూకింది, లారీ పోయింది. ఆయన సంతోషంగా నవ్వి, పికప్ అదిరింది మేడం అన్నాడు. బండి తీసుకోండి గానీ ఈ పక్క మ్యాట్ ఇవ్వనని చెప్పాను. మ్యాట్ లేకుండా ఎట్లా అని వాదించబోయాడు. నాతో వాదించి నెగ్గినవాళ్ళు లేరు, ఒక్కరు తప్ప. కనపడనోళ్ళకు భయమేంటిదని నా మీద నెగ్గి వెళ్ళిపోయిన ఆ మనిషితో ఇప్పుడు మళ్ళీ కూర్చుని తేల్చుకుందామంటే ఎదురుగా లేదు. రెండేళ్ళు నా పక్కనే కూర్చుని ఆమె తొక్కిన తొక్కు నన్ను చేరడానికి ఇంతకాలం పట్టింది. చేరేసరికి రోడ్డు మీద నేనొక్కదాన్నే ఉన్నాను.