డైరెక్టరుగారి గ్రెలిన్

పేగుల మాస్టారి లెక్కలో కోపం అనేదే లేదు, ఉన్నదల్లా ఆకలి. ఎవరు మండిపడ్డా ఆయన ముందు వాళ్ల మొహం చూడరు, పొట్ట చూస్తారు.

పరిశోధనశాలలో ఆయన పని పేగుల హార్మోన్ల మీద. ఖాళీ కడుపు గ్రెలిన్ అనే హార్మోన్ని వదులుతుందనీ, అది వెళ్లి మెదడు తలుపు బాదుతుందనీ, తిన్నాక పేగులు వేరే హార్మోన్లతో ‘ఇక చాల్లే’ అని కబురు పెడతాయనీ, ఆ కబురు చేరేదాకా ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోకూడదనీ కనబడ్డవాళ్లందరికీ చెప్పేవారు. సొంత అల్లుడు విడాకులంటూ వస్తే కోడిగుడ్లు ఉడకబెట్టి పెట్టారు. అల్లుడు తిని, ఓ కునుకు తీసి, లేచాక ఎందుకొచ్చాడో మరిచిపోయాడు. వీధికుక్క మీదపడబోతే “పాపం, గ్రెలిన్” అని బిస్కెట్టు పెట్టారు. ఆ కుక్క ఇప్పటికీ ఆయన్ని ఆఫీసుదాకా దిగబెట్టి వెళ్తుంది.

ఈ వైద్యం చూసి అందరికన్నా ఎక్కువ నవ్వుకునేది ఫ్రీజరమ్మ. నమూనాలు గడ్డకట్టి ఉండేలా చూడటం ఆవిడ ఉద్యోగం. ఇద్దరు పిల్లల చదువూ ఆ ఉద్యోగం మీదే.

ఒక శుక్రవారం సాయంత్రం ఆవిడ టీ కెటిల్ పెట్టబోయి ఫ్రీజరు ప్లగ్గు పీకింది. మళ్లీ పెట్టడం మరిచింది. సోమవారం తలుపు తీస్తే హార్మోన్లన్నీ నీళ్లు. అలా కరిగి కూర్చున్న హార్మోను విరిగిన పాలతో సమానం, ఎందుకూ కొరగాదు.

డైరెక్టరుగారు నిప్పులు కక్కుతూ వచ్చారు. ఆవిణ్ణి ఇప్పుడే ఇంటికి పంపేస్తానన్నారు.

పేగుల మాస్టారు తాపీగా లేచారు.

“పొద్దున్న ఏం తిన్నారు సార్?”

“ఏమీ లేదు. దానికీ దీనికీ...”

“అదీ సంగతి. ఈ కోపం మీది కాదు, గ్రెలిన్‌ది.” అరటిపండు ఒలిచి చేతిలో పెట్టారు. “మెల్లిగా నమలండి. పేగుల కబురు పైకి చేరాలి కదా.”

డైరెక్టరుగారు కసిదీరా కొరికారు. ఆయన నోరు ఖాళీ అయినప్పుడల్లా మాస్టారు ఇంకొకటి ఒలిచారు. ఆ సందులోనే తను చెప్పాల్సినవి చెప్పేశారు. పాడైనవి తన నమూనాలే, ఏడాది పట్టినా మళ్లీ తనే తయారుచేసుకుంటారు. ఫ్రీజరుకీ కెటిల్‌కీ కలిపి ఒకే ప్లగ్ పాయింటు ఉండటం ఆవిడ తప్పు కాదు. మూడో పండయ్యేసరికి డైరెక్టరుగారు ఇంకో పాయింటు పెట్టించమని చెప్పి, త్రేన్చి, వెళ్లిపోయారు.

ఫ్రీజరమ్మ కళ్లు తుడుచుకుంది. “ఇన్నాళ్లూ నవ్వాను మాస్టారూ. మీ హార్మోన్లు ఇంత తొందరగా పనిచేస్తాయనుకోలేదు.”

మాస్టారు ఒకసారి తలుపువైపు చూసి గొంతు తగ్గించారు.

“హార్మోన్లా? వాటికింకా బోలెడు టైము పడుతుందమ్మా. నోటినిండా పండుంటే, ఎంతవాడైనా ఎలా తిడతాడు?”