కంచెకి క్రాపు

సెలూన్ బాబాయ్ కత్తెర పడని తల ఆ వీధిలో లేదు. ఇంటి ముందుగదే దుకాణం, దాని ముందు నడుమెత్తు గోరింట కంచె. ఆ కంచె ఒక్కటే ఆయన పరువు తీస్తోంది. పైన గుబురు, కింద చూస్తే ఎండుపుల్లలు. ఆ సందుల్లోంచి వీధికుక్కలు దూరి, క్రాపుకి కూర్చున్నవాళ్ళ చెప్పులు ఎత్తుకుపోతున్నాయి. ఒంటిచెప్పుతో ఇంటికెళ్ళినవాడు మళ్ళీ ఎందుకొస్తాడు చెప్పండి!

"వానలు వెళ్ళేలోగా కింద చిగురేసిందా సరే సరి. లేదంటే పీకించి నిలువెత్తు గోడ కట్టిస్తా," అని ఆయన భార్య, వీధంతటికీ పిన్ని, తేల్చి చెప్పేసింది. బాబాయ్ హడలిపోయాడు. గోడ లేస్తే వీధికి కుర్చీ కనపడదు, కుర్చీకి వీధి కనపడదు. దారినపోయేవాణ్ణి "ఏంట్రా, జుట్టు చెవుల మీదికొచ్చింది, రా కూర్చో" అని పిలిచి బతికిన మనిషాయన. ఆ పిలుపే పోతే ఇంకేం మిగులుతుంది?

మొదలుపెట్టాడు సేవ. ఎరువు వేశాడు, బిందెలకొద్దీ నీళ్ళు పోశాడు, దుకాణంలో ఊడ్చిన జుట్టంతా మొదళ్ళలో పూడ్చాడు. రోజూ పొద్దున్నే కత్తెర పట్టి, కింద దగ్గరగా, పైన పొంకంగా దిద్దాడు. కంచె మాత్రం మొండికేసింది.

చూసి చూసి పిన్ని నెత్తి కొట్టుకుంది. "ఓరి దేవుడో! అది కంచె అనుకున్నారా, పెళ్ళికొడుకు తల అనుకున్నారా? మెడ దగ్గర సన్నం, పైన ఒత్తు! పైదంతా అలా కప్పేస్తే కిందికి ఎండెక్కడిదండీ?"

"ముప్పై ఏళ్ళ చెయ్యి నాది. నాకే నేర్పుతావా?"

"తలలకి నేర్పను. దీనికి మాత్రం మోకాలెత్తుకి గుండు కొట్టాల్సిందే."

బాబాయ్‌కి చెయ్యి ఆడలేదు. చివరికి పిన్నే రంపం పట్టింది. ఆయన కుర్చీలో కళ్ళు మూసుక్కూర్చుని "మెల్లగా, మెల్లగా" అని ఒకటే అరుపు. ఆ తర్వాత వీధంతా పరామర్శలే.

"ఏం బాబాయ్, కంచెకి పేలు పట్టాయా?"

బాబాయ్ విననట్టు కుర్చీ దులుపుకుంటూ లోపలికి జరిగాడు.

వానలు తగ్గుముఖం పట్టేసరికి మొదళ్ళ నుంచి చిగుళ్ళు తోసుకొచ్చాయి, కుక్క మూతి కూడా దూరనంత ఒత్తుగా. పిన్ని గోడ మాట ఎత్తడం మానేసింది. బాబాయ్‌కి ఎగిరి గంతేసేంత సంతోషం. ఇక దిద్దొచ్చంది పిన్ని, కానీ కింద వెడల్పు, పైన సన్నం. అలవాటుపడ్డ చెయ్యి కిందికే పోతుంటే, వెనక్కి లాక్కుంటూ లాక్కుంటూ పని ముగించాడు.

అంతలో ఎవరో కొత్తాయన ఆగాడు. "ఎవరయ్యా దీన్ని కత్తిరించింది? కిందంతా వదిలేశాడు, పనిరానివాడు!"

బాబాయ్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. దాన్ని మింగేసి కుర్చీ చూపించాడు.

"నేనేనండీ. మీకు మెడ దగ్గర బాగా పెరిగింది. రండి, కూర్చోండి."

కొత్తాయన కంచెని ఇంకోసారి చూసి, తల తడుముకుని, గబగబా వెళ్ళిపోయాడు.

పోతే పోనీ, అనుకున్నాడు బాబాయ్. గోడైతే లేదుగా. రేపు ఇటే వస్తాడు, మళ్ళీ పిలుస్తాను.