బావుల పటం కింద పేరు

పద్నాలుగేళ్లుగా ఒక కాగితాన్ని మోస్తున్నాను. చుట్టచుట్టి చంకలో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు, అంత తేలిక. అయినా మోయలేకపోతున్నాను. ఈ సంగతి మా ఆయనకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను, మీరెవరో నాకు తెలియదు కాబట్టి. నా పేరు మాత్రం అడగకండి. ఆ కాగితం మీద ఒకసారి రాసుకున్నాను, అది చాలు.

ఆదోని వైపు ఊరు మాది. మా బడి వరండాలో నాపరాళ్లు పరిచి ఉండేవి. మధ్యాహ్నం ఎండ పడితే అవి తడిసినట్టు మెరిసేవి. ఇప్పటికీ ఆ బడి నాకు కలలోకి వస్తుంది. వచ్చినప్పుడల్లా వరండా నిండా నీళ్లు. పిల్లలమంతా పాదాలు తడవకుండా ఆ నీళ్ల మీద నడుస్తుంటాం, ఎవరూ ఆశ్చర్యపోరు. నిజానికి ఆ ఊళ్లో నీళ్లెక్కడివి? బిందె నీళ్ల కోసం పొలాల వెంట పడి పోవాల్సిందే. నేను పోలేదు లెండి. మా ఇంట్లో బోరుంది, నాన్నకు ఎరువుల అంగడి ఉంది. నేను బిందె ఎత్తి ఎరగను.

ఉలిగమ్మ ఎత్తేది. తొమ్మిదో తరగతిలో నా పక్కన కూర్చునేది. వాళ్లది కూలి చేసుకునే ఇల్లు. పొద్దున్నే నీళ్లు మోసి, జడ కొసల్లో ఇంకా తడి ఉండగానే బడికొచ్చేది. ఏ బావి నీళ్లు పప్పు ఉడికిస్తాయో, ఏ బావి నీళ్లు తాగితే దప్పిక ఇంకా పెరుగుతుందో ఆ పిల్లకు తెలుసు. ఆ ఏడాది చలికాలం చివర్లో బడిలో ప్రదర్శన పెడుతున్నామని, ఊరి గురించి ఎవరికి తోచింది వాళ్లు చేసి తెమ్మని సోషల్ సార్ చెప్పారు. నేను పేపర్లో బొమ్మలు కత్తిరించి అంటించాను. ఉలిగమ్మ పాత క్యాలెండరు కాగితాలు నాలుగు గంజితో అతికించి, వాటి వెనుక మా ఊరి బావులన్నీ గీసింది. తియ్యనీళ్ల బావికి నీలిమందు, ఉప్పునీళ్ల బావికి ఇటుకపొడి, ఎండిపోయిన బావికి బొగ్గు. ఎంత బాగుందో ఎలా చెప్పను? పై నుంచి పిట్ట చూసినట్టు ఉండింది మా ఊరు. అసూయపడ్డాను. ఆ మాట ఇప్పుడు అనగలుగుతున్నాను, అప్పుడు దానికి పేరు తెలియదు.

మా వైపు కూలీలు ఏటా మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతారు. సుగ్గికి పోవడం అంటారు. పిల్లల్నీ తీసుకుపోతారు. వాళ్లను తీసుకుపోయే లారీ ఆ ఏడాది ప్రదర్శన కంటే ముందే వచ్చింది. ఉలిగమ్మ పటాన్ని చుట్టచుట్టి మా ఇంటికి తెచ్చింది. బావుల పేర్లు, కింద తన పేరు నన్ను రాయమంది. తన రాత కోడి గెలికినట్టు ఉంటుందని సిగ్గు. బడిలో ఏదన్నా బహుమతి తెచ్చుకుంటే వచ్చే ఏడు సుగ్గికి పిల్చుకుపోనని, అవ్వ దగ్గర ఉంచి పది చదివిస్తానని వాళ్ల నాయన మాటిచ్చాడట. ఆ సంగతి నాకు చెప్పే వెళ్లింది. ఇది మీరు గుర్తుపెట్టుకోండి. నాకు తెలుసు.

మూడు సాయంత్రాలు రాశాను. ఒక్కో బావి పక్కన పేరు, గుండ్రంగా, ముత్యాల్లా. మూడో సాయంత్రానికి ఆ పటంలో నాకు నా అక్షరాలే కనిపించసాగాయి. కింద పేరుకు చోటు మిగిలింది. పెన్సిల్‌తో నా పేరు రాసి చూశాను, ఎలా ఉంటుందో చూసి చెరిపేద్దామని. ఆ తర్వాత రబ్బరు తీసుకోలేదు. స్కెచ్ పెన్ తీసుకున్నాను. ఎందుకు? ఆ బహుమతితో నాకేం పని? నా చదువును ఎవరూ ఆపడం లేదే? పద్నాలుగేళ్లుగా అడుగుతున్నాను. బాగుందని అందరూ అంటుంటే అక్కడ నిలబడి వినాలనిపించింది, అంతే.

విన్నాను కూడా. మొదటి బహుమతి నాదే. ఊళ్లోని ఆడవాళ్లు పటం చుట్టూ చేరి, బావుల మీద వేలు పెట్టి, ఇదిగో ఇది మనదే అని మురిసిపోయారు. ఒక ముసలావిడ మాత్రం, ఈ బావి నీళ్లు చప్పగుంటాయని నీకెట్లా తెలిసిందమ్మా అంది. అవ్వ చెప్పిందన్నాను. మా అవ్వ నేను పుట్టకముందే పోయింది.

ఉగాదికి సుగ్గి జనం తిరిగొచ్చారు. ఉలిగమ్మ వేళ్లు మిరప ఘాటుకు పొక్కిపోయి ఉన్నాయి. వరండాలో తగిలించిన పటం ముందు నిలబడి, కింద పేరును వేలితో తడుముతూ చదివింది. నేను వెనుకే ఉన్నాను. పారిపోవచ్చు, పోలేదు.

"రాత శానా బాగుండాది" అంది.

"బడికి రానోళ్ల పేరు రాయగూడదన్న్యాడు సారు" అన్నాను.

నన్ను చూడలేదు. పటాన్నే చూస్తూ ఉండింది.

"అవునులే. నేను ఈడ లేను గదా."

పటం దొంగిలించడం కంటే ఆ అబద్ధమే నన్ను ఎక్కువ తింటోంది. ఆ సారు అలాంటి మాట అననేలేదు. సుగ్గికి పోయిన పిల్లల పేర్లు కొట్టేయకుండా రోజూ హాజరులో పిలిచేవారు, జవాబు రాకపోయినా. ఆ పిల్ల మాత్రం బడి తనను లెక్కలోంచి తీసేసిందని నమ్మింది. సార్‌ను అడగనైనా లేదు. మరుసటి ఏడాది లారీ ఎక్కింది. తిరిగొచ్చింది గానీ బడికి రాలేదు. నేను పదిలో మంచి మార్కులు తెచ్చుకున్నాను.

ఇప్పుడు మైదుకూరు దగ్గర ఒక బడిలో టీచర్‌ని. ఈ టర్ములో మా పిల్లలూ ప్రదర్శన పెట్టారు. మొన్న ఒక పిల్ల చార్టు తెచ్చి, నా రాత బాగుండదు టీచర్, పేరు మీరు రాయండి అంది. పెన్ను చేతికిచ్చింది. రాయలేకపోయాను. వంకరగా వచ్చినా నువ్వే రాయమ్మా అన్నాను. ఎంత మంచి టీచరో అనుకుని ఉంటుంది.

ఉలిగమ్మకు ఇద్దరు పిల్లలని విన్నాను. ఇప్పటికీ సుగ్గికి పోతుందట, వాళ్లనూ వెంటబెట్టుకుని. వెళ్లి కలుస్తానని, కాళ్లు పట్టుకుంటానని మీకు మాటివ్వను. నాకు అంత ధైర్యం లేదు. ఆమె క్షమిస్తే ఆ క్షమను కూడా ఆమె దగ్గర కొట్టేసినట్టే ఉంటుంది నాకు.

మా ఊరి నుంచి వేరే బడికి బదిలీ అయి వెళ్లేటప్పుడు ఆ సోషల్ సారు, ఇది నీదే కదా తల్లీ అని ఆ పటం నా చేతికిచ్చారు. ఇవాళ మధ్యాహ్నం బీరువా మీద నుంచి దించి నేల మీద పరిచాను. ఇటుకపొడి రాలిపోయింది. నీలిమందు మాత్రం అలాగే ఉంది, తియ్యనీళ్ల బావులన్నీ ఉన్నాయి. కింద నా పేరు కొట్టేశాను. పక్కన రాశాను, పటం గీసినది ఉలిగమ్మ, తొమ్మిదో తరగతి అని.

రాశాక గుండెల్లో ఏదో కాస్త సడలింది. అబద్ధం చెప్పను, సడలింది. కానీ అక్షరాలు మాత్రం కోడి గెలికినట్టు వచ్చాయి.